ముందు అద్దె ఇల్లు, తర్వాతే శంకుస్థాపన

విశాఖ చుట్టుపక్కల పల్లెల్లో ప్రాంగణం కట్టాలని చూస్తున్న స్వతంత్ర ఆర్థిక పరిశోధన సంస్థల పాలకమండళ్లకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

పల్లె ప్రాంగణం అనగానే గీసే ప్లాన్లు దాదాపు ఒకేలా ఉంటాయి. గేటు దగ్గర తోట, మధ్యలో 200 మంది పట్టే సెమినార్ హాలు, పైన కొండ కనిపించే గెస్ట్‌హౌస్. ఊళ్లో నింపుకొచ్చిన సర్వే షెడ్యూళ్లు, అంటే ప్రశ్నల ఫారాలు, పెట్టుకునే గది ఎక్కడా అని వెతికితే మెట్ల కింద దొరుకుతుంది, జనరేటర్ డీజిల్ డబ్బాల పక్కన. ఈ లేఖ రాస్తున్నవాళ్లలో ఇంటింటి సర్వేలు చేసేవాళ్లు, వాటిని తనిఖీ చేసే సూపర్‌వైజర్లు, లైబ్రరీ చూసేవాళ్లు, భూమి రికార్డులూ కట్టడాల లెక్కలూ తెలిసినవాళ్లు ఉన్నాం. మేం చెప్పేది ఒక్కటే. ఏడాది పొడవునా ఊళ్లో ఉండి రాసే మనిషి మొదటి పని. ఆ మనిషి జీతం ఆగకుండా చూసే మూలధనం రెండో పని. కట్టడం మూడోది.

ఊళ్లో ఉండటం వేరు, ఊరిని చదవటం వేరు. ఎడ్వర్డ్ హార్వుడ్ 1933లో మొదలుపెట్టిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎకనామిక్ రీసెర్చ్ 1946 నుంచి మసాచుసెట్స్ రాష్ట్రంలోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊళ్లో ఉంది. చుట్టూ బెర్క్‌షైర్ కొండలు. అక్కడ చదివేది డబ్బు విలువ, ద్రవ్యోల్బణం, వ్యాపారపు ఆటుపోట్లు. పక్క ఊరి పాడి రైతు లెక్కలు కావు. అందులో తప్పేమీ లేదు, వాళ్ల పనికి కావలసింది ప్రశాంతత. 2020 అక్టోబరులో కోవిడ్ ఆంక్షల మీద అక్కడ సంతకాలైన ప్రకటనకి మాత్రం ఆ ఊరి పేరే పెట్టారు. ఊరివాళ్ల ప్రమేయం లేకుండానే పేరు ప్రపంచమంతా తిరిగొచ్చింది. మీరు మీ నివేదికలకి పల్లె పేరు తగిలించేముందు గ్రామసభలో ఒక మాట అడగండి.

దీనికి అవతలి కొసన, హైదరాబాదు దగ్గర మెట్ట పంటల మీద పనిచేసే పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో మొదలుపెట్టిన గ్రామ అధ్యయనాలున్నాయి. మన పక్క పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, డోకూరు. మహారాష్ట్రలో మరో నాలుగు ఊళ్లు. లెక్కలు రాసేవాళ్లని ఆ ఊళ్లలోనే కాపురం పెట్టించారు. వానని నమ్ముకున్న పేద రైతు ఎంతవరకు తెగిస్తాడు, ఎక్కడ వెనక్కి తగ్గుతాడు అన్న చర్చ వస్తే ఆర్థికవేత్తలు ఇప్పటికీ ఆ లెక్కలు తిరగేస్తారు. ఆ పేరు కట్టడాల వల్ల రాలేదు. మీకు కావలసింది గ్రేట్ బారింగ్టన్ తరహా అయితే ఈ లేఖ ఇక్కడితో మడిచి పక్కన పెట్టేయొచ్చు. ఔరేపల్లె తరహా అయితే మిగతాది చదవండి.

చోటు సంగతి. భీమిలి దాటి భోగాపురం వైపు సముద్రపు ఒడ్డున గాలి బాగుంటుంది, ఇనుము బతకదు. కిటికీ ఊచలు, సోలార్ ఫ్రేముల బోల్టులు ఉప్పుగాలికి తుప్పు పట్టి రాలతాయి. తీరప్రాంత నిబంధనలు సరేసరి. పైగా విమానాశ్రయం పేరు చెప్పి సాగు వదిలి అమ్మకానికి కూర్చున్న ఊళ్లో వ్యవసాయం గురించి ఎవర్ని అడుగుతారు? ఇక అరకు, పాడేరు. ఏజెన్సీలో 1959 నాటి భూబదలాయింపు నిబంధనా, దానికి 1970లో వచ్చిన సవరణా ఉన్నాయి. జనం నోట్లో అదే 1/70. గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు తర్వాత ప్రభుత్వం అక్కడి తన భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వటానికీ వీల్లేదు. ‘ఎవరో ఒకరి పేరున కొని పెడతాం సార్’ అనే దళారి తప్పకుండా ఎదురవుతాడు. కాఫీ తాగించి పంపించేయండి.

మిగిలింది మెట్టకీ పల్లానికీ మధ్య ఉన్న పట్టీ: పద్మనాభం, కె.కోటపాడు, దేవరాపల్లి, చోడవరం వైపు. చెరువు కింద వరి, గరువుల (మెరక చేల) మీద జీడి, సరుగుడు, గెడ్డ (వాగు) వార కూరగాయలు. పొద్దున్నే మొదటి బస్సెక్కి విశాఖలో తాపీ పనికెళ్లేవాళ్లు. రైవాడ, తాటిపూడి నీళ్లయితే ఇటు చేలకీ అటు నగరం కుళాయిలకీ పంచాల్సినవి. ఇంతకంటే మంచి ఆర్థిక ప్రశ్న ఏ గ్రంథాలయంలో దొరుకుతుంది? ఒక్కటి చూసుకోండి, ఎంచిన ఊరు గ్రామ పంచాయతీయేనా అని. భీమిలి, అనకాపల్లి పట్టణాలు ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో ఉన్నాయి. కార్పొరేషన్ హద్దులోకి వచ్చిన ఊళ్లో ఇంటిపన్ను, పనుల నిధులు, రికార్డుల తీరు అన్నీ మారిపోతాయి.

జిల్లా పేరుతోనూ చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా మూడు ముక్కలైంది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. పల్లెలు చాలావరకు పక్క జిల్లాలకి పోయి, నగరం విశాఖలో మిగిలింది. 2021 జిల్లా సగటు ఆదాయం పక్కన 2023ది పెట్టి గ్రాఫు గీస్తే రేఖ నిటారుగా లేస్తుంది. లేచింది జనం ఆదాయం కాదు, పక్కకి జరిగింది జిల్లా సరిహద్దు గీత. వరస మొత్తం మండలాల వారీగా కట్టుకోండి. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడూ ఇదే తంతు.

భూమి మూడెకరాలు చాలు. పది దాటితే కాపలా, కంచె, కలుపు మీ పరిశోధనని తినేస్తాయి. కాగితాల్లో జనం 1-బీ (సొంతదారు వివరాలు), అడంగల్ (సాగు వివరాలు) చూసి తృప్తిపడిపోతారు. ఇది జమీందారీ ప్రాంతం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్లో ఆ సర్వే నంబరు జిరాయితీయా (రైతు సొంతమా), ఇనామా (మాన్యమా), పోరంబోకా (ప్రభుత్వానిదా), చెరువు గర్భమా అన్నది చూడాలి. ఇవాళ్టి 1-బీలో సొంతదారు పేరు చక్కగా ఉండి, ఫెయిర్ అడంగల్లో అదే నంబరు ‘గెడ్డ’ అని ఉంటే కొనకండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరుతో పాటు కొత్తగా ఇచ్చిన ఎల్‌పీఎం నంబరూ పట్టుకుని, భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ కనీసం 30 ఏళ్లకి తీయించి, రిజిస్ట్రేషన్ కుదరని భూముల 22-ఏ నిషేధిత జాబితాతో సరిచూడండి. ప్రభుత్వం పేదలకి పంచిన డి-పట్టా భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది, 2023 సవరణ 20 ఏళ్లు దాటినవాటికి సడలించినా దాని జోలికి పోకండి. దేవస్థానం భూమితో తగువు పెట్టుకుంటే ఏమవుతుందో సింహాచలం పంచగ్రామాల్లో ఎవర్నడిగినా చెబుతారు. ఈ పరీక్షలన్నీ దాటిన భూమైనా కొలత రోజున చుట్టుపక్కల నాలుగు వైపుల రైతుల్నీ గట్టు మీదికి పిలవండి. రేపు మీరు సర్వేకి వెళ్లి తలుపు తట్టాల్సింది వాళ్ల ఇళ్లదే.

ప్రభుత్వమో కంపెనీయో ఉచితంగా భూమి ఇస్తానంటే? తీసుకోవద్దనే మా సలహా. ఇచ్చిన ఉత్తర్వులో షరతులుంటాయి, నచ్చని నివేదిక వచ్చిన రోజున ఎవరో ఒకరు ఆ షరతులు బయటికి తీసి చదువుతారు.

ఇప్పుడు అసలు పని. 300 గడపల ఊరు తీసుకుందాం. మొదటి పక్షం ఇంటింటి జాబితా: ఇద్దరు మనుషులు, రోజుకి ఒక్కొక్కరు 12 నుంచి 15 ఇళ్లు. తాళం వేసిన ఇళ్లని ‘ఎవరూ లేరు’ అని కొట్టేయటం అందరూ చేసే మొదటి తప్పు. హైదరాబాదుకో చెన్నైకో పనికెళ్లిన కుటుంబాలవే ఆ తాళాలు. వాళ్లని తీసేస్తే వలస లేని ఊరొకటి కాగితం మీద తయారవుతుంది. తాళం ఇంటికి నంబరివ్వండి, పక్కింట్లో అడిగి ఎక్కడున్నారో రాయండి, సంక్రాంతికి మళ్లీ తలుపు తట్టండి. భోగి నుంచి ముక్కనుమ దాకా ఊరు నిండుగా ఉంటుంది. ఆ నాలుగు రోజులూ పెద్ద షెడ్యూలు విప్పకండి. ఎవరొచ్చారు, ఎక్కణ్నుంచి, ఏం పని, ఇంతే.

పెద్ద షెడ్యూలుకి ఇంటికి రెండున్నర గంటలు పడుతుంది, అదీ రెండు విడతలుగా. ఒక మనిషి రోజుకి రెండిళ్లకి మించి చేశానంటే సాయంత్రం రచ్చబండ మీద కూర్చుని నింపాడన్నమాట. ఉడుపుల కాలంలో, నూర్పుల కాలంలో వెళ్లి ‘ఓ గంట కూర్చోండి’ అనకండి. సముద్రం ఒడ్డు ఊరైతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం 61 రోజులుంటుంది, మత్స్యకారులు ఇంటిపట్టున దొరికేది అప్పుడే.

పంట లెక్క దగ్గర ఎంత చదువుకున్నవాళ్లయినా జారిపడతారు. ‘ఎకరానికి ఎంత పండింది?’ ‘30 బస్తాలు.’ రాసుకుని లేచిపోతారు. బస్తా 75 కిలోలదా, 80 కిలోలదా? 75 అయితే 22.5 క్వింటాళ్లు, 80 అయితే 24. ఆ క్వింటాన్నర తేడా కొత్త విత్తనం వల్ల వచ్చిందని ఎవరో వ్యాసం రాస్తారు. ఇంకో మెలిక తేమ. కల్లంలో అప్పుడే నూర్చిన ధాన్యంలో తేమ 22 శాతం ఉందనుకుంటే, ప్రభుత్వ కొనుగోలుకి పరిమితి 17 శాతం. 100 కిలోలు ఆరబెడితే 94 కిలోలవుతుంది. ఒకాయన కల్లంలో తూచింది చెబుతాడు, పక్కాయన ఆరబెట్టాక అమ్మింది చెబుతాడు. అందుకే షెడ్యూల్లో మూడు గడులుండాలి: ఎన్ని బస్తాలు, బస్తా ఎన్ని కిలోలు, ఎప్పుడు తూచారు. ఇన్వెస్టిగేటరు సంచిలో ఒక వేలాడే త్రాసు, ఒక తేమ మీటరు ఉండాలి. బెల్లమైతే ‘ఎన్ని దిమ్మలు’ అన్నదానికి అర్థమే లేదు, దిమ్మ బరువు ఊరూరికీ మారుతుంది. అనకాపల్లి మార్కెట్లో ఇచ్చిన అమ్మకం చీటీ (పట్టీ) ఉంటే చూపించమనండి.

కౌలు సంగతి ఇంకా సున్నితం. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద సాగుదారు కార్డుకి భూయజమాని అంగీకారం కావాలన్నారు. సంతకం పెట్టేందుకు యజమానికి భయం, అడిగేందుకు కౌలుదారుకి మొహమాటం. ‘మీరు కౌలుకి చేస్తున్నారా?’ అని నేరుగా అడిగితే ‘లేదండీ, సొంతమే’ అంటాడు, వాకిట్లో యజమాని తాలూకు మనిషి ఉంటే మరీను. మడి మడికీ వెళ్లి అడగాలి: ఈ మడిలో ఉడుపు ఎవరు పెట్టించారు? ఎరువు ఎవరు కొన్నారు? నూర్చాక గింజ ముందు ఎవరింటికెళ్లింది? మూడు జవాబులూ ఒక పేరు చెబితే సాగు ఆ మనిషిది, పట్టా ఎవరిదైనా. ఆడవాళ్ల కూలి మగవాళ్లని అడిగి రాయటం ఇంకో జాడ్యం. ఒంటిపూట పనిని రోజు కూలి కింద రాసేస్తారు. ఉడుపులు గుత్తకి పట్టుకుంటే గుంపుకి ఇచ్చిన మొత్తాన్ని తలల సంఖ్యతోనూ పూటలతోనూ భాగించాలి. అది ఉడిచిన ఆవిడకే తెలుస్తుంది, అరుగు మీద కూర్చున్న ఆయనకి కాదు.

ఈ పని చేసేవాళ్లు ఆ మండలం పిల్లలే అయ్యుండాలి, కానీ సొంత ఊరు కాకూడదు. సొంత ఊరైతే అప్పుల గడి ఖాళీగా వస్తుంది. అన్నయ్య వరసయ్యేవాడికి ఎవరు చెబుతారు తమ అప్పు?

కాగితాల గది కిందనే ఉండాలి, నేల మీద. మామూలు గది స్లాబుకి చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్ల బరువు లెక్కేస్తే, పుస్తకాల స్టాక్ గదికి 6 వేయాలి, అంటే మూడింతలు. గెస్ట్‌హౌస్ కోసం వేసిన మేడ మీద తర్వాత ఎప్పుడో లైబ్రరీ పెడదామంటే స్లాబు చీలుతుంది. పునాది నేలకి 75 సెంటీమీటర్ల ఎత్తు, తవ్వినప్పుడే చెదల మందు, ఇనప రాకులు గోడకి జానెడు ఎడంగా. గాలిలో తేమ 50 శాతం దగ్గర నిలవాలి. విశాఖ గాలిలో సహజంగా అది కుదరదు. పొద్దున ఏసీ వేసి రాత్రి కరెంటు ఆదా అని కట్టేయటం అసలు ఏసీ లేకపోవటం కంటే చెడ్డది: చల్లబడ్డ కాగితం మీదికి రాత్రి తడిగాలి వచ్చి కూర్చుంటుంది, పదిహేను రోజుల్లో అట్టల మీద బూజు. చిన్న గది, గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ ఒకటి, సోలార్ బ్యాటరీ మీద 24 గంటలూ. ఒక తేమ గడియారం, రోజూ రాసే ఒక పుస్తకం. ఇంటికి 16 పేజీలు, 100 ఇళ్లు, పదేళ్లు అయితే 16,000 పేజీలు. స్కాన్ చేస్తే ఒక చిన్న డ్రైవులో పడతాయి. ఒక ప్రతి ప్రాంగణంలో, ఒకటి నగరంలో, ఒకటి తుఫాను దారికి దూరంగా ఇంకో ఊళ్లో. పేర్లున్న మొదటి పేజీని విడదీసి వేరే బీరువాలో పెట్టి తాళం వేయండి. 2023 వ్యక్తిగత డేటా చట్టం ఉందని కాదు, అప్పు చెప్పిన ఇల్లాలికి మీరిచ్చిన మాట అది.

కట్టడాలకి తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణాన్ని అందరూ చూపిస్తారు. వాస్తుశిల్పి లారీ బేకర్ పదెకరాల వాలులో ఇటుక జాలీలతో కట్టినది. చూడదగ్గదే. రాట్‌ట్రాప్ కట్టుబడిలో ఇటుకని అంచు మీద నిలబెడితే పావు వంతు ఇటుక మిగులుతుంది, మధ్య ఖాళీ వల్ల గది చల్లగానూ ఉంటుంది. కానీ ఇటుకలన్నీ ఒకే కొలతలో రావాలి, నాటు బట్టీ ఇటుకతో వంకర పోతుంది. ముందు మీటరు ఎత్తు నమూనా గోడ కట్టించి చూడండి. జాలీలు భోజనశాలకీ వసారాలకీ పెట్టండి, కాగితాల గదికి వద్దు. విశాఖకి కట్టడాల కోడ్ ప్రకారం లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వాన పైనుంచి పడలేదు, అడ్డంగా కొట్టింది. సరుగుడు, నీలగిరి చెట్లు వాటి ఎత్తుకంటే దగ్గరగా ఏ గోడ పక్కనా ఉండకూడదు.

నీళ్ల లెక్క వేసుకునే బోరు తవ్వండి. 40 మంది, మనిషికి రోజుకి 135 లీటర్లు, ఏడాదికి దాదాపు 19.7 లక్షల లీటర్లు. వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద మీటరు వాన పడి, అందులో 80 శాతం పట్టుకుంటే 8 లక్షలు. అంటే వానొక్కటే చాలదు. తాగటానికీ వంటకీ మాత్రమే అయితే మనిషికి 10 లీటర్లు, నాలుగు నెలల వేసవికి 48,000 లీటర్లు. 50,000 లీటర్ల మూత సంపు ఒకటి కట్టి దాన్ని ఇంక దేనికీ ముట్టుకోకండి. మిగతా వాన ఇంకుడు గుంతలకి. ఇక్కడి ఖోండలైటు రాయి మెత్తబడి బంకమన్నైపోతుంది, నీటిని తొందరగా వదలదు. పక్క రైతు బోరు పక్కనే ఇంకో బోరు వేస్తే మొదటి వేసవిలోనే తగువు. కరెంటు కనెక్షను ఊరి ఫీడరు మీద అడగండి, వ్యవసాయ ఫీడరు మీద వద్దు. అక్కడ సరఫరా పగలు 9 గంటలే.

డబ్బు. ఇద్దరు ఇన్వెస్టిగేటర్లు, ఒక సూపర్‌వైజరు, కాగితాలు చూసే ఒక మనిషి, ప్రయాణాలు అన్నీ కలిపి ఏడాదికి 20 లక్షలనుకుందాం. ధరలు పెరిగినా పని ఆగకూడదంటే ఏటా మూలధనంలో 4 శాతానికి మించి తీయకూడదు, అంటే 5 కోట్లు కావాలి. బ్యాంకులో 7 శాతం వస్తే 35 లక్షలు, అందులో 15 లక్షలు తిరిగి మూలధనానికి. ఇక్కడే చాలా ట్రస్టులు కాలు జారతాయి: ఆదాయంలో 85 శాతం ఆ ఏడే ఖర్చుపెట్టాలన్నది పన్ను నియమం. ఊరికే మిగుల్చుకోగలిగేది 15 శాతం, అంటే 5.25 లక్షలు. అంతకు మించి దాచాలంటే ఏ పనికో రాసి గడువులోగా ఫారం వేసి 5 ఏళ్లలో ఖర్చు చూపాలి. కాబట్టి దాతల దగ్గర విరాళం తీసుకునేటప్పుడే ‘ఇది మూలధనానికే’ అని రాతపూర్వకంగా తీసుకోండి, ఏటా కొంత అలా చేరుతూ ఉండాలి. విదేశీ విరాళమైతే, ఆ చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పరిశోధన సంస్థల్లో ఫీల్డు లెక్కలు సేకరించేవాళ్ల జీతాలు ఆ 20 శాతంలోకి రావు, తోటమాలీ గెస్ట్‌హౌస్ మరమ్మతులూ వస్తాయి. చట్టం కూడా మా మాటే అంటోంది, చూశారా.

అందుకని శంకుస్థాపన రాయి ఏడాది ఆపండి. ఎంచిన ఊళ్లో, ఆర్టీసీ బస్సు ఆగే చోటికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకోండి. సంక్రాంతి నుంచి సంక్రాంతి దాకా ఇద్దర్ని ఉంచండి. ఏ వీధికి ఎప్పుడు నీళ్లొస్తాయి, ఏ గెడ్డ ఎక్కడిదాకా పొంగుతుంది, ఆఖరి బస్సు ఎప్పుడు తప్పుతుంది, ఎవరి గట్టు మీద ఎవరికి తగువు, అన్నీ వాళ్ల పుస్తకంలోకి చేరతాయి. ఆ పుస్తకం చేతికొచ్చాక మీ ఇంజనీరుని పిలవండి. అద్దె ఇంటికి కావలసిన సామాను పెద్దదేం కాదు: ఒక బల్ల, నాలుగు కుర్చీలు, రెండు తాళాలున్న ఇనప బీరువా ఒకటి, వేలాడే త్రాసు, తేమ మీటరు, వాన కొలిచే గాజు గొట్టం, వచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వటానికి మూతున్న ఒక కుండ.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి, సర్వే, లైబ్రరీ, భూమి రికార్డులు, కట్టడాల పనుల్లో ఉన్నవాళ్లం